అల్పమైన వస్తువు, ఓ మూల ఉంచండి

సుగిసావా
ఆగస్టు 20

మరదలు సెత్సుకో గారికి,

నా దస్తూరీ బాగుండదు. మా కొండ బడిలో ఆరేళ్ళు చదివాను. అందులో రెండేళ్ళు తేయాకు కోతలకే పోయాయి. అక్షరాలు తప్పుంటే మీరే దిద్దుకుని చదవండి.

ఎండలు ఇంకా తగ్గలేదు. మీరు క్షేమమని తలుస్తాను. మీ అక్కాచెల్లెళ్ళకి మాటలు ఆగి పదకొండేళ్ళయింది. అందుకని నేనూ మీకు రాయడం మానేశాను. నిజానికి అంతకుముందు కూడా రాసింది లేదు. ఫోన్ చేద్దామంటే ఫోన్ వంటగదిలో ఉంది. వంటగదిలో మీ అక్క నుయి ఉంటుంది.

ఒక అవసరం వచ్చి రాస్తున్నాను. సిగ్గుగానే ఉంది.

నుయికి ఊపిరితిత్తులు బాగా లేవు. నెలకోసారి మీ షిజువోకా పెద్దాసుపత్రికి తీసుకొస్తున్నాను. బస్సు గంట, రైలు గంట. మే నెలలో తిరుగు ప్రయాణంలో నేల కదిలింది. పెద్దదేమీ కాదు కానీ రైళ్ళు ఆగిపోయాయి. మీ స్టేషన్‌లో నేల మీద ఆరు గంటలు కూర్చున్నాం. నుయి పీల్చే మందు అయిపోయింది. నేను వీపు రాస్తూ కూర్చున్నాను. అంతకన్నా ఏం చేయాలో తెలియలేదు. ఇల్లు చేరాక ఒకే మాట అంది. "ఇక నేను మన ఊరి వంతెన దాటను. ఇల్లు ఎలా చేరతానో తెలియని చోటికి రాను."

జూన్‌లో వెళ్ళలేదు. జూలైలోనూ, ఆగస్టులోనూ వెళ్ళలేదు. ముందు మా గుడి మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగేది. ఇప్పుడు ఐదుసార్లు ఆగుతోంది. డాక్టరు సెప్టెంబరు తొమ్మిదిన తప్పకుండా తీసుకురమ్మన్నాడు. ఆ రోజూ రాకపోతే తర్వాత వచ్చి లాభం లేదన్నట్టు మాట్లాడాడు.

మా పేట పెద్ద ఒగినో ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాడు. ఇంట్లోంచి పారిపోవడానికి ఒక సంచి ఉంటే చాలదట. మనం ఊరు దాటినప్పుడు నేల కదిలితే ఇల్లు చేరడానికి ఇంకో సంచి కావాలట. అది ఊరి బయటే ఎక్కడో ఉండాలట. నాకు ఊరి బయట తెలిసిన గుమ్మం మీదొక్కటే. స్టేషన్‌కి ఏడు నిమిషాలు.

అందుకని సంచి సర్దాను. మీ ఊరి నుంచి మా ఊరికి నలభై కిలోమీటర్లు. నాకు రెండు రోజుల నడక. నుయికి ఎన్ని రోజులో తేల్చుకోలేక నాలుగు రోజుల తిండి పెట్టాను. నీళ్ళు పోస్తే అన్నమయ్యే రకం. ఆమె పీల్చే మందు, వారం మాత్రలు, ఏది ఎప్పుడు వేయాలో రాసిన చిట్టా ఉన్నాయి. నాకు చక్కెర జబ్బు కదా, నా మాత్రలూ, కళ్ళు తిరిగితే నోట్లో వేసుకోవడానికి చక్కెర బిళ్ళలూ ఉన్నాయి. నడక బూట్లు, నడుముకి ఉన్ని పట్టీలు, ఈల, వీధి ఫోన్‌లో వేయడానికి పది యెన్ల నాణేలు, పాత కళ్ళజోడు. తప్పిపోతే చూపించి వెతకడానికి ఇద్దరి ఫొటోలు. నా పాత పళ్ళ సెట్టు కూడా పెట్టాను. నోట్లో ఉన్నది ఊడి పగిలితే ఆ అన్నం నమలాలి కదా.

దయచేసి ఈ సంచి మీ గుమ్మంలో ఉంచండి. తెరవనక్కర్లేదు. మీరు ఉంచుకున్నారని తెలిస్తే నుయికి చెప్పి తొమ్మిదిన బయల్దేరదీస్తాను. ఇప్పుడే చెబితే సంచినీ నన్నూ కలిపి బయట పెడుతుంది.

ఇట్లు,
తొకుజి

మళ్ళీ: ఈ ఉత్తరం పోకుండా సంచి లోపలి చిన్న జేబులో పెట్టి జిప్పు వేస్తున్నాను. పైన మామూలుగా ఒక చీటీ కడతాను.

(సంచికి కట్టిన చీటీ)
అల్పమైన వస్తువు. ఓ మూల పడేసి ఉంచండి. – తొకుజి


షిజువోకా
ఆగస్టు 29

బావగారికి సెత్సుకో నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళు మాత్రం నాకంటే ముందు ముసలివైపోయాయి.

మీరు పంపిన కానుక అందింది. "అల్పమైన వస్తువు, ఓ మూల పడేసి ఉంచండి" అన్న చీటీ చూసి గుమ్మంలోనే కూలబడ్డాను. కానుక పంపే ప్రతివాళ్ళూ రాసే మాటే. మా వీధిలో బంగారం ఇచ్చినా అల్పమైన వస్తువనే అంటారు. కానీ పదకొండేళ్ళ తర్వాత మీ చేతిరాతతో ఆ మాట చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. పార్శిల్ తెచ్చినతను "అమ్మా, మంచినీళ్ళు తెచ్చివ్వనా" అన్నాడు.

తర్వాత సంచి విప్పి చాప మీద పరిచాను. బూట్లు. ఉన్ని పట్టీలు. మీ కళ్ళజోడు. ఫొటోలు. పళ్ళు కూడా కనిపించాక ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత సంగతి అర్థమైంది.

నేను ఏమీ అడగను. ఇలాంటివి అడగకూడదు. మా ఆయన కూడా చివరి వేసవిలో తన చాపలు కుట్టే సూదులు, కత్తులు ఒక్కొక్కటే మూటకట్టి తెలిసినవాళ్ళకి పంచాడు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అందరూ తీసుకున్నారు. మాటలు తక్కువైన మగవాళ్ళు చేసే పనే ఇది.

అక్క మందుల చిట్టా నా చేతిలో పెట్టారంటే అర్థం చేసుకోలేనంత మొద్దుని కాదు. చెల్లెలిగా ఆ బాధ్యత నాది. ఒప్పుకుంటున్నాను. వస్తువులన్నీ భద్రంగా పెట్టాను. చిట్టా అద్దం పక్కన అంటించాను. పళ్ళు మాత్రం మా ఆయన ఫొటో పెట్టిన పీఠం దగ్గర ఉంచి పొద్దునా సాయంత్రం ధూపం వెలిగిస్తున్నాను.

సంచి ఖాళీగా తిప్పి పంపకూడదు కనుక ఒక మస్క్ మెలన్ పండు, నాలుగు తీపి చిక్కుడు హల్వా కడ్డీలు పెట్టి వేరే పార్శిల్‌గా పంపుతున్నాను. ఇంకా తినగలిగే స్థితిలోనే ఉన్నారని ఆశ.

మీ మరదలు,
సెత్సుకో

తా.క.: అక్క ఎలా ఉందని నేను అడగలేదు. అడగలేదని ఆమెతో చెప్పండి.


సుగిసావా
సెప్టెంబరు 2

సెత్సుకో గారికి,

మీ ఉత్తరం అందింది. ఒప్పుకుంటారని అనుకోలేదు. రెండుసార్లు చదివి, పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను. ఇక నాకు బెంగ లేదు. వస్తువులు ఉంచుకుని సంచి తిప్పి పంపారు. మీ దగ్గర ఇంతకంటే మంచి సంచి ఉండి ఉంటుంది.

మీవారి సూదుల సంగతి విని బాధ కలిగింది. మంచి పనివాడు.

మీ ఉత్తరం కంటే సంచి ఒకరోజు ముందొచ్చింది. ఉంచుకోవడం ఇష్టంలేక పంపినది పంపినట్టే తిప్పి పంపారనుకున్నాను. విప్పి చూడటానికి మనసొప్పలేదు. మర్నాడు ఒకటో తారీకు, బడి మైదానంలో మా పేటవాళ్ళందరికీ భూకంపం కసరత్తు. ఇంటింటి సంచీ తెమ్మన్నారు. దాన్నే వీపున వేసుకుని వెళ్ళాను. ఒగినో వరసగా అందరివీ విప్పించి చూస్తున్నాడు. నా వంతు వచ్చింది. తెల్ల కాగితం చుట్టి, ఎర్రదారం కట్టిన మెలన్ పండు బయటికొచ్చింది. దాని కింద హల్వా.

ఒగినో పండు ఎత్తి చూశాడు. "తొకుజి గారూ, కొండ విరిగి మీద పడుతుంటే మీరు పట్టుకుని పరిగెత్తేది ఇదా?"

అవునన్నాను. వెనక వరసలో ఎవరో ఆ రోజు తొకుజి వాళ్ళింటి వైపే పరిగెత్తుదాం అన్నారు.

నుయి పక్కనే ఉంది. ఇంటికొచ్చి పండుకి కట్టిన ఎర్రదారం ముడి చూసింది. "ఇది మా అమ్మ వేసే ముడి. సెత్సుకోకి తప్ప ఎవరికీ రాదు" అంది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, మీరు ఒప్పుకున్నారని కూడా. పండు మూడు ముక్కలు తింది. నేను హల్వా ఒక ముక్క తిన్నాను. నా చక్కెర ఎంతకి ఎక్కిందో రాయను.

మీరు పంపినదానికి బదులుగా మా ఎండు పుట్టగొడుగులు, ఈ ఏటి తేయాకు అదే సంచిలో పెట్టి పంపుతున్నాను. నుయి వానతొడుగు, ఇంకో జత మేజోళ్ళు కూడా ఉన్నాయి. అవి కూడా మిగతా వాటితో ఉంచండి. నుయి సంచి దగ్గరే తచ్చాడింది. ఏదో సర్దింది. అడగలేదు.

తొమ్మిదో తారీకుతో అంతా తేలిపోతుంది. నుయి ఇంకా గట్టిగా ఏమీ చెప్పలేదు. ఏదైనా జరిగితే మీరున్నారన్న ధైర్యం ఉంది.

ఇట్లు,
తొకుజి

మళ్ళీ: పళ్ళకి ధూపం అక్కర్లేదు. గిన్నెలో నీళ్ళు పోసి పెడితే చాలు. పట్నంలో పద్ధతి వేరేమో తెలియదు.


షిజువోకా
సెప్టెంబరు 5

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి పొద్దున్నుంచీ పొయ్యి వెలిగించలేదు. "ఇక నాకు బెంగ లేదు" అని ఎంత నిబ్బరంగా రాశారు. పళ్ళకి నీళ్ళు చాలన్నారు. ఎంత సాదా మనిషి. గిన్నెలో నీళ్ళు పోశాను, ధూపం మాత్రం మానలేదు. నా తృప్తి కోసం.

తొమ్మిదో తారీకు అన్నారు. డాక్టర్లు ఈ రోజుల్లో తేదీ కూడా చెప్పేస్తారని నాకు తెలియదు. మా ఆయనకి "ఆకులు రాలేదాకా" అని మాత్రం చెప్పారు. ఆయన దాన్ని కూడా పొడిగించి చాప ఒకటి పూర్తిచేసి పోయాడు. మీరూ పొడిగించండి.

ఆ రోజు నేనూ ఆసుపత్రికి వస్తాను. వద్దని రాయకండి. కర్మలకి కట్టే నల్ల కిమోనో నడుము దగ్గర వదులు చేయించాను. పదకొండేళ్ళలో నేను కాస్త ఒళ్ళు చేశాను, అది అక్కకి చెప్పనక్కర్లేదు. పీఠం మీద మా ఆయన్ని కొంచెం పక్కకి జరిపాను, మీకు చోటు సరిపోతుంది. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు పంపిన ఫొటోలో ఎవరో కాలు తొక్కినట్టు మూతి బిగించి ఉన్నారు. రోజూ చూసుకోవాల్సింది నేనే కదా. కాస్త నవ్వు మొహంతో ఉన్నది ఒకటి పంపండి.

మీరు వెళ్ళేలోపు ఒక సంగతి చెప్పాలి. అక్కకి మీరే చెప్పాలి, నేను చెప్పలేను. అమ్మ పోయినప్పుడు, అమ్మ కూరగాయలు ఊరబెట్టే తవుడులో సగం అక్క నాకు పంచి ఇచ్చింది కదా. రోజూ చేయి పెట్టి కలపకపోతే చచ్చిపోతుందని వందసార్లు చెప్పింది. నేను నాలుగు రోజులు వేడినీళ్ళ ఊటలకి స్నేహితులతో వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బూజు పట్టింది. మళ్ళీ గుప్పెడు పెట్టమని అడిగితే "అమ్మని రెండోసారి చంపనివ్వను" అంది. ఆ మాటకే నేను మాట మానేశాను. ఇప్పటికి పదకొండేళ్ళుగా దుకాణంలో కొన్న ఊరగాయ తింటున్నాను. ఆ మాట తప్పని ఇన్నాళ్ళూ అన్నాను. తప్పు నాలుగు రోజులు ఊళ్ళు తిరగడం. అది నాదే.

మీరు ప్రశాంతంగా వెళ్ళండి. అక్కని నేను చూసుకుంటాను.

ఏడుస్తూ,
సెత్సుకో

తా.క.: పై ఉత్తరం చదవకండి. మీ పుట్టగొడుగులు తీసి సంచి దులుపుతుంటే లోపల చిన్న జేబు తగిలింది. జిప్పు తీశాను. ఆగస్టు ఇరవై నాటి ఉత్తరం ఇప్పుడే చదివాను. పైది చించేద్దామంటే ఇది నా దగ్గరున్న ఆఖరి మంచి కాగితం. ఉన్నదాన్నే పంపుతున్నాను.

బావగారూ, ఉత్తరం ఎక్కడైనా జిప్పు వేసి దాస్తారా? మూడుసార్లు పోస్టులో తిరిగింది, ఒకసారి కసరత్తు కూడా చేసొచ్చింది.

మీరు బతికే ఉంటారన్న సంతోషం తర్వాత చెబుతాను. ముందు నా కోపం వినండి. మే నెలలో నేల మీద ఆరు గంటలు కూర్చున్నారు. నా గుమ్మానికి ఏడు నిమిషాలు. మందులేక ఆవిడ రొప్పుతుంటే నేను ఇక్కడ టీవీలో వంటల కార్యక్రమం చూస్తున్నాను. ఇద్దరు మనుషుల్లో ఒక్కరికి కూడా "సెత్సుకో ఇంటికి పోదాం" అని నోరు రాలేదా? దీనికి జవాబు మీరు రాయకండి. ఆవిడ రాయాలి.

ఇంకో తా.క.: సంచి అడుగున మేజోడులో నూనెకాగితం చుట్టిన పిడికెడు తవుడు దొరికింది. వాసన చూడగానే అమ్మ చేయి గుర్తొచ్చింది. మీరు పెట్టే వస్తువు కాదది.


సుగిసావా
సెప్టెంబరు 7, అత్యవసర టపా

సెత్సుకో గారికి,

నేను పోవడం లేదు. మీకు శ్రమ కలిగించినందుకు క్షమించండి. మీవారిని పీఠం మీద మళ్ళీ మధ్యకి జరపండి.

మీ ఉత్తరం నుయి చూసేసింది. పెద్ద అక్షరాలతో "మీరు వెళ్ళేలోపు" అని ఉంది కదా. ఒక్కసారిగా పాలిపోయి, నాకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నానని అడిగింది. తా.క. చదవమన్నాను. చదివింది. మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళింది. "మీ పళ్ళకి ధూపం వెలిగించిందా" అని నవ్వడం మొదలుపెట్టింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. మందు పీల్చి మళ్ళీ నవ్వింది.

తర్వాత తవుడు కుండ ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయింది. అంతసేపు కలపనక్కర్లేదు.

మే నెల సంగతి. జవాబు ఆవిడనే రాయమన్నారు. ఆవిడ రాయలేదు, నన్ను రాయమంది. ఆ రోజు స్టేషన్‌లో మీ వీధి వైపు వెళ్ళే ద్వారం మాకు ఎదురుగానే ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఆవిడ అంటుందేమోనని నేను, నేను అంటానేమోనని ఆవిడ. ఆరు గంటలు. నా మట్టుకు నేను చేసిన తప్పు అదే. వంతెన దాటనని అంత పట్టుపట్టింది భూకంపానికి కాదని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

"తొమ్మిదిన ఎటూ అది ఆసుపత్రికి వస్తానంది కదా, పెద్దదాన్ని, నేను రాకపోతే ఏం బాగుంటుంది" అంది. వస్తున్నాం.

ఇట్లు,
తొకుజి

మళ్ళీ: మీకు చెప్పమన్న మాట ఇది. రోజుకోసారి అడుగు నుంచి కలపాలట. తడి చేయి పెట్టకూడదట. ఊళ్ళు తిరగొద్దంది.

ఇంకా ఒకటి. మీరు నల్ల కిమోనో వేసుకురాకండి. ఆసుపత్రిలో మిగతావాళ్ళు భయపడతారు.


షిజువోకా
సెప్టెంబరు 25

బావగారికి,

ఇద్దరం క్షేమం. మీరు అక్కని నా దగ్గర వదిలి వెళ్ళి పదహారు రోజులైంది. ఆ రోజు ఆసుపత్రి వరండాలో అక్కని చూసి నేను ఏం మాట్లాడాలో పొద్దున్నుంచీ వల్లె వేసుకొచ్చాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి "లావయ్యావు" అంది. అంతే, పదకొండేళ్ళు అయిపోయాయి. మీరు ఆ పక్కన నిలబడి మీ పళ్ళ సెట్టు తెచ్చానా అని అడిగారు. ఇద్దరికీ మాటలు దొరికింది మిమ్మల్ని తిట్టడానికే.

డాక్టరు మొదట మొహం చిట్లించాడు కదా, మూడు నెలలు రాకుండా పోగొట్టుకున్న ఊపిరి తిరిగి రావాలంటే పద్నాలుగు రోజులు రోజూ వచ్చి మందు ఆవిరి పట్టించుకోవాలని. పట్టించుకుంది. మొన్నటితో అయిపోయింది. ఊపిరి ఊదే గొట్టం పరీక్షలో సూది పైకి లేచిందట. నిన్న మా గుడి ముప్పై మెట్లకి ఒక్కసారే ఆగింది. అది కూడా నన్ను తిట్టడానికి. నేను మూడుసార్లు ఆగాను.

పదిహేడున నేల కదిలింది, మీకూ తెలిసే ఉంటుంది. ఇక్కడ అల్మారాలో గిన్నెలు మోగాయి, రైళ్ళు మళ్ళీ ఆగాయి. ఫోన్లు పలకలేదు. అక్క లేచి మందు మెళ్ళో వేసుకుని, బూట్లు తొడిగి, గుమ్మంలో ఉన్న మీ సామాను మూట వీపుకి ఎత్తుకుంది. ఎక్కడికన్నాను. ఇంటికి అంది. నలభై కిలోమీటర్లు అన్నాను. "ఆయన ఒక్కడే ఉన్నాడు" అంది. నేను తలుపుకి అడ్డంగా కూర్చున్నాను. ఆవిడా నా పక్కన కూర్చుంది. ఆకలేసింది. మీరు పెట్టిన అన్నం పొట్లం ఒకటి విప్పాం. బాగుంది. రెండోది విప్పాం. తర్వాత వీధి ఫోన్ పలికింది, మీ పది యెన్ల నాణేలు వేసి మీతో మాట్లాడింది. మీరు "ఊ" అన్నారట. ఇంటికొచ్చి "క్షేమంగా ఉన్నాడు, 'ఊ' అన్నాడు" అని మిగిలిన చక్కెర బిళ్ళలు పంచింది. నాలుగు రోజుల తిండి ఆ వారంలోనే అయిపోయింది. దోషం మాది కాదు. సంచి మరీ బాగా సర్దారు.

చికిత్స అయింది కదా, రేపు బయల్దేరతావా అని అక్కని అడిగాను. వచ్చే నెల ఎలాగూ ఆసుపత్రికి రావాలి, మధ్యలో బస్సు రెండుసార్లు ఎక్కడం దండగ కదా అంది. లెక్క బాగానే ఉంది. ఆ నెల తర్వాత కూడా అదే లెక్క వర్తిస్తుందని నేను అనలేదు. ఆవిడే అంది.

సంచి మీరు మళ్ళీ నింపి పంపాలి కనుక తిప్పి పంపుతున్నాను. ఖాళీగా కాదు. నా తవుడులో ఊరిన దోసకాయలు నాలుగు ఉన్నాయి.

మీ మరదలు,
సెత్సుకో

తా.క.: అక్క కుండ సంగతి అడగమంది. మీ సంగతి అడగలేదు. కానీ కుండ సంగతి మూడుసార్లు అడిగింది.


సుగిసావా
సెప్టెంబరు 28

సెత్సుకో గారికి,

అక్షరాలు ఈసారి ఇంకా వంకరగా ఉంటాయి. చేతికి తవుడు అంటుకుని ఉంది.

ఇల్లు చేర్చే సంచి క్షేమంగా ఇల్లు చేరింది. దానితో పాటు చేరాల్సిన మనిషి చేరలేదు. ఒగినోని అడిగాను, ఇలాంటప్పుడు ఏం చేయాలని. తన పుస్తకంలో లేదన్నాడు.

దోసకాయ తిన్నాను. మీ అమ్మగారిదే. ఇంక సందేహం లేదు. మీ చేతిలో అది బతుకుతుంది.

నుయి ఊపిరి సంగతి చదివి సంతోషం కలిగింది. మూడు నెలలుగా నేను అడిగింది అదొక్కటే. ఇప్పుడు ఇంకోటి అడగడం ఆశ అవుతుందని ఊరుకున్నాను. ఒక రోజు ఊరుకున్నాను.

కుండని రోజూ కలుపుతున్నాను. తడి చేయి పెట్టలేదు. కలిపేటప్పుడు ఆ రోజు సంగతులు దానితో చెబుతున్నాను, ఇంట్లో వినేవాళ్ళు వేరే లేరు. పక్కింటావిడ ఎవరొచ్చారని తొంగి చూసింది. ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. నలభై ఏడేళ్ళ కాపురంలో నుయి దగ్గుకి నిద్ర పట్టదనుకున్నాను. దగ్గు లేకపోతే పట్టదని ఇప్పుడు తెలిసింది. ఇది ఆవిడతో చెప్పకండి. లేదా చెప్పండి.

సంచి మళ్ళీ సర్దాను. ఈసారి తిండి తక్కువే పెట్టాను, ఎలాగూ మీరు తినేస్తారు. ఇద్దరి మందులూ పెట్టాను. ఉత్తరం జేబులో పెట్టలేదు, టపాలోనే వేస్తున్నాను.

నుయికి నా నమస్కారం చెప్పండి. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

ఇట్లు,
తొకుజి

మళ్ళీ: సంచిని పార్శిల్‌లో వేయడం లేదు. వచ్చే ఆదివారం పొద్దుటి బస్సులో ఒక మనిషి వీపున వస్తుంది. అతని ఒళ్ళో తవుడు కుండ ఉంటుంది. అతను అల్పమైన వస్తువు. ఓ మూల పడేసి ఉంచండి. ఉంచుకోవడానికి చోటు లేకపోతే తిప్పి పంపండి, బాధపడను. కానీ మన ఆచారం మీకు తెలుసు, వచ్చినదాన్ని ఖాళీగా తిప్పి పంపకూడదు. తోడు ఏం పెట్టి పంపాలో మీకు నేను చెప్పక్కర్లేదు. దస్తూరీ బాగులేదని పక్కన పెట్టకుండా త్వరగా జవాబు రాయండి. ఆదివారం లోపు అందాలి.